సుద్దకొండ మీద సుత్తి దెబ్బలు

ముందు మీ చెవులు ఈ చోటికి అలవాటు పడాలి. ఒకవైపు గాలి హోరు, ఇంకోవైపు డీజిల్ ఇంజన్ మోత. రెండింటి మధ్య నుంచి రెండు మూడు సెకన్లకోసారి ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వినిపిస్తుంది. ఖణేల్. మళ్లీ ఖణేల్. మీ పక్కన పసుపు కోటు తొడుక్కున్న కుర్రాడు పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. మీరూ లెక్కపెట్టండి. ఇవాళ్టి పని అదే.

మీరు నిలబడ్డది ఇంగ్లండ్ దక్షిణ తీరాన, బ్రైటన్‌కు తూర్పున ఉన్న పీస్‌హేవెన్ అనే ఊళ్లో. ఎదురుగా ఇంగ్లిష్ ఛానల్. స్థలం దాటితే రోడ్డు, రోడ్డు దాటితే గడ్డి, గడ్డి అయిపోయిన చోట నేల కూడా అయిపోతుంది. ముప్పై మీటర్ల పైచిలుకు ఎత్తున నిలువునా తెగిన తెల్లటి గోడ, దాని పాదాల దగ్గర సముద్రం. సున్నా డిగ్రీల రేఖాంశం, అంటే గ్రీనిచ్ రేఖ, ఇంగ్లండ్ నేలను విడిచి నీళ్లలోకి దిగేది ఈ ఊరి దగ్గరే. 1936లో కొండ అంచున దానికి గుర్తుగా ఒక స్తంభం కట్టారు. ఊరి వయసు చాలా తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1916లో, చార్లెస్ నెవిల్ అనే వ్యాపారి ఇక్కడి నేలను ప్లాట్లు వేసి అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్లు చాలామంది ఒంటి అంతస్తు ఇళ్లు కట్టుకున్నారు. అంత తేలికైన ఇంటికి నేలతో పెద్దగా పేచీ రాదు. ఇప్పుడు అలాంటి పాత ఇల్లు ఒకటి పడగొట్టి, ఆ జాగాలో మూడంతస్తుల ఫ్లాట్లు లేపాలనుకుంటున్నారు. స్తంభాల కిందికి బరువు దిగుతుంది. ఆ బరువును కింది నేల మోస్తుందా, మోస్తే ఎంత కుంగుతుంది అన్నది తేలాలి.

ఇలా రండి, ఈ గుంతలోకి వంగి చూడండి. లోతు 1.2 మీటర్లు, చేత్తోనే తవ్వారు. కరెంటు తీగలు, గ్యాస్ గొట్టాలు, నీటి పైపులు మామూలుగా ఈ లోతులోపే ఉంటాయి కనుక ఇక్కడ బోరు ఎప్పుడూ పారతోనే మొదలవుతుంది. పార పట్టకముందు తీగల జాడ తీసే పరికరాన్ని నేలంతా తిప్పుతారు. ఈ తీరంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పడి పేలకుండా నేలలో దిగబడిపోయిన బాంబులు ఉండే అవకాశం ఎంతో, పాత రికార్డుల్లో వెతికాకే బోరు వేసే రిగ్గును లోపలికి రానిస్తారు.

గుంత గోడలో పైన జానెడు నల్లమట్టి, అందులో గడ్డి వేళ్లు. దాని కింద గోధుమరంగు బంకమట్టి. ఆ మట్టిలో ఇరుక్కుని అక్కడక్కడా చెకుముకి రాళ్లు. పైకి తెల్లగా గరుకుగా ఉంటాయి. విరిగిన చోట నల్లగా నిగనిగలాడుతూ చెయ్యి కోసేంత పదునుగా ఉంటాయి. ఇంకా కిందికి చూడండి, అడుగున తెల్లదనం మొదలయింది. అదే సుద్ద. ఇంజనీరు గుంతలోకి దిగి దాన్ని బొటనవేలితో నొక్కుతోంది. పైపైన గోరు దిగిపోతోంది. పక్కనే ఉన్న గడ్డను సుత్తితో కొడితే ముక్కలవుతోంది. ముక్కలకు ఒక వరుస గానీ అమరిక గానీ లేదు. మంచుయుగాల్లో నేల గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి పై సుద్దనంతా ఇలా చిందరవందర చేసిపోయింది. ఆమె నోటుపుస్తకంలో రాసుకుంటున్నది ఇదే: కట్టుతప్పిన సుద్ద, ‘డి’ తరగతి.

రిగ్గు దగ్గరికి వద్దాం. కాళ్లు చాపి నిలబడ్డ ఇనుప చట్రం, దాని నెత్తిన కప్పీ, కప్పీ మీంచి దిగే ఉక్కు తాడు, కింద ఇంజనూ వించీ. ఇంతకంటే ఏమీ లేదు. జీపు వెనక కట్టుకుని లాక్కొచ్చారు. డ్రిల్లర్‌కు అరవై దగ్గర పడి ఉంటాయి. ఒక చెయ్యి క్లచ్ మీద, ఒక కాలు బ్రేకు మీద, చూపు తాడు మీద. తాడు చివర వేలాడే బరువైన ఉక్కు గొట్టాన్ని షెల్ అంటారు. దాని అడుగున లోపలికి మాత్రమే తెరుచుకునే రేకు తలుపు ఉంటుంది. బోరులో కాసిని నీళ్లు పోసి షెల్‌ను ఎత్తెత్తి వేస్తుంటే అడుగున సుద్ద చిదికి, నీళ్లతో కలిసి, ఆ తలుపులోంచి గొట్టంలోకి ఎక్కుతుంది. పైకి లాగి కుమ్మరిస్తారు. మీ బూట్ల మీద పడ్డ తెల్లటి మరకలు ఎండాక కూడా అంత తొందరగా వదలవు.

“నీళ్లు చాలు, ఇంక పోయకు,” అన్నాడు డ్రిల్లర్ కుర్రాడితో. “ఎక్కువైతే అడుగు చెడిపోతుంది.”

చాలామంది ఈ మాట పట్టించుకోరు. మనం కొలవబోయేది అడుగున ఉన్న నేలని. నీళ్లతోనో తొందరపాటుతోనో ఆ నేలను ముందే కలిపేస్తే తర్వాత వచ్చే లెక్క మన చేతులు చేసిన బురదకు లెక్క అవుతుంది. మంచి డ్రిల్లర్ ఉన్న చోట పరీక్షకు సగం బలం ఆయనతోనే వస్తుందని నా నమ్మకం.

రెండు మీటర్ల లోతుకు వచ్చాం. షెల్ పక్కన పెట్టారు. ఇప్పుడు దిగేది పరీక్ష గొట్టం. బయటి వ్యాసం 50 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 35. నిలువునా రెండు చెక్కలుగా విడిపోయేలా చేస్తారు కనుక దాన్ని స్ప్లిట్ స్పూన్ అంటారు. దానికి కడ్డీలు బిగించి అడుగుదాకా దించారు. బయటికి కనిపిస్తున్న కడ్డీ మీద కుర్రాడు సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు, గీతకూ గీతకూ 75 మిల్లీమీటర్ల ఎడం, మొత్తం ఆరు గీతలు. కడ్డీ తలమీద సుత్తి కూర్చుంది. సుత్తి బరువు 63.5 కిలోలు. 760 మిల్లీమీటర్ల ఎత్తుకు లేవగానే కొక్కెం తనంతట తనే వదిలేస్తుంది, సుత్తి స్వేచ్ఛగా పడుతుంది. ఒక్కో దెబ్బకు 473 జౌళ్ల శక్తి. అందులో కొంత రాపిడిలోనూ చప్పుడులోనూ పోతుంది, మిగతాది కడ్డీల వెంట గొట్టం మొనకు చేరుతుంది. ప్రతి సుత్తికీ ఎంత శక్తి చేరుతోందో విడిగా కొలిచి పత్రం ఇస్తారు. ఆ పత్రం లేకుండా ఈ రిగ్గు సైటుకు రాదు.

ఒకటి. మొదటి గీత మునిగింది. ఒకటి, రెండు. రెండో గీత. ఈ మొదటి 150 మిల్లీమీటర్ల దెబ్బలు రాసుకుంటారు కానీ లెక్కలోకి తీసుకోరు. బోరు అడుగున కదిలిపోయిన నేలను దాటి గొట్టం కుదురుకోవడానికి ఆ మాత్రం వదిలేస్తారు. ఇప్పుడు మిగిలిన నాలుగు గీతలు. రెండు. మూడు. రెండు. మూడు. కూడండి. పది. దాన్నే ఎన్ వాల్యూ అంటారు.

ప్రపంచమంతా పునాదుల లెక్కలు ఇలాంటి అంకెల మీద నడుస్తున్నాయి. దీని పుట్టుక అమెరికాలో. 1902లో బోస్టన్‌లో చార్లెస్ గో అనే కాంట్రాక్టర్, నీళ్లతో కడిగి పైకి తెచ్చిన బురద చూసి నేలను అంచనా వేసే పాత పద్ధతి మానేసి, సన్నటి గొట్టాన్ని సుత్తితో నేలలోకి కొట్టి నమూనా తీయించడం మొదలుపెట్టాడు. గొట్టం దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో చూసినా నేల బిగువు తెలుస్తుందని తర్వాతివాళ్లు గ్రహించారు. 1948లో టెర్జాఘీ, పెక్ తమ పాఠ్యపుస్తకంలో దెబ్బల లెక్కకూ ఇసుక బిగువుకూ ముడిపెట్టి పట్టికలు ఇచ్చాక ఈ పరీక్ష దేశదేశాలకూ పాకింది. ఆ పట్టికలు ఇసుకకు పుట్టాయని మరిచిపోవద్దు. మన కాళ్ల కింద ఉన్నది ఇసుక కాదు.

మూడు మీటర్లు. గీతల మీద 3, 3, తర్వాత 3, 4, 4, 4. ఎన్ వాల్యూ 15. నేల గట్టిపడుతోందని మీకు అనిపిస్తోంది. నాలుగు మీటర్లు. మొదటి రెండు గీతలు 4, 5. మూడో గీత 5. నాలుగో గీతకు వచ్చేసరికి చప్పుడు మారింది, విన్నారా? ఇందాకటి మెత్తదనం పోయి మొన ఎక్కడో గట్టిగా తగిలి ఎగురుతోంది. 16 దెబ్బలు. అయిదో గీత మునగనే లేదు. 29 దెబ్బలు పడ్డాయి, మొత్తం 50 అయ్యాయి. డ్రిల్లర్ చెయ్యెత్తాడు. రిఫ్యూజల్. యాభై దెబ్బలకూ 300 మిల్లీమీటర్లు దిగకపోతే అక్కడితో ఆపేసి ఎంత దిగిందో రాస్తారు.

గొట్టం పైకి తీశారు. మొన వంకర పోయింది. అంచున నల్లటి పెచ్చు ఒకటి ఇరుక్కుని ఉంది. చెకుముకి రాయి. ఇక్కడి సుద్దలో చెకుముకి వరుసలు వరుసలుగా ఉంటుంది. మీరు కిందికి దిగి సముద్రం వైపు నుంచి కొండను చూస్తే తెల్లటి గోడలో నల్లటి గీతలుగా కనిపించేవి అవే. 50 అన్న అంకె చూసి ఇక్కడ రాయంత గట్టి నేల ఉందని రాసుకుంటే మోసపోయినట్టే. గట్టిది ఆ ఒక్క రాయి. దానికి జానెడు కింద నేల మళ్లీ 15 దగ్గరికి రావచ్చు. ఇకమీదట గొట్టం బదులు 60 డిగ్రీల మొన ఉన్న గట్టి ఉక్కు కోను బిగించి కొడతారు. దానికి మొన చెడదు. కానీ నమూనా రాదు, ఒక్క లెక్క మాత్రమే వస్తుంది.

గొట్టం రెండు చెక్కలూ విప్పి బల్ల మీద పెట్టారు. దగ్గరికి రండి. నాలుగు మీటర్ల దగ్గర పట్టిన సుద్ద ఇది. వేళ్ల మధ్య నలపండి. రుబ్బిన మినప్పిండిలా జారిపోతోంది కదూ? నేలలో ఉన్నప్పుడు ఇది ఇలా లేదు. సుమారు ఎనిమిది కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతమంతా వెచ్చటి సముద్రం. కంటికి ఆనని నాచుజాతి జీవులు తమ చుట్టూ సున్నపు పలకలు కట్టుకుని బతికి, చచ్చి, అడుగుకు చేరాయి. ఆ పలకలు మిల్లీమీటరులో కొన్ని వేల వంతుల సైజువి. వాటి గుట్టే సుద్ద. పలకకూ పలకకూ మధ్య ఖాళీలెన్నో. మెత్తటి సుద్దలో దాదాపు సగం ఖాళీయే, ఆ ఖాళీ నిండా నీళ్లు. పలకలు ఒకదానికొకటి తాకిన చోట సున్నం సన్నగా అతుక్కుని ఆ కట్టడాన్ని నిలబెడుతుంది. సుత్తి దెబ్బకు ఆ అతుకులు తెగుతాయి. లోపలి నీళ్లు బయటపడి, నిమిషం కిందటి రాయి కాస్తా పిండి అయిపోతుంది.

మీరు ఇక్కడ కాసేపు నిలబడి ఆలోచించాలి. మనం నేల బలాన్ని కొలుస్తున్నామనుకుంటున్నాం. కానీ కొలిచే సాధనమే కొలవాల్సిన దాన్ని పగలగొడుతోంది. మీ ఫ్లాట్ల బరువు సుద్ద మీద నెమ్మదిగా, నెలల తరబడి ఎక్కుతుంది. సుత్తి దెబ్బ క్షణంలో పడుతుంది. ఈ రెండూ సుద్దకు ఒకటే అనుభవం కాదు.

దీన్ని తేల్చి చెప్పిన పరిశోధన ఇంగ్లండ్‌లోనే జరిగింది, నార్ఫోక్ జిల్లాలో మండ్‌ఫోర్డ్ అనే పల్లె దగ్గర. 1960లలో యూరప్ దేశాలు కలిసి 300 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ యాక్సిలరేటర్ కట్టాలనుకున్నాయి. దానికి బ్రిటన్ చూపిన స్థలం ఈ పల్లె. కిందంతా సుద్ద. ఆ యంత్రపు వలయం కింద నేల ఒకచోట రవ్వంత కుంగినా ప్రోటాన్లు దారి తప్పుతాయి. అందుకని బిల్డింగ్ రీసెర్చ్ స్టేషన్‌కు చెందిన వార్డ్, జాన్ బర్లాండ్, వాళ్ల సహచరులు ఎవరూ చేయనంత శ్రద్ధగా ఆ నేలను చదివారు. మనిషి దిగగలిగినంత వెడల్పు బోర్లు తవ్వి, లోపలికి దిగి, సుద్దలోని పగుళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, ఎంత తెరుచుకుని ఉన్నాయో కళ్లతో చూసి తరగతులు కట్టారు. తర్వాత 18.3 మీటర్ల వ్యాసం ఉన్న పెద్ద తొట్టి కట్టి, దాన్ని నీళ్లతో నింపి, కింద పొర పొరకూ ఎంత కుంగిందో కొలిచారు. మామూలు పరీక్షలు చెప్పే దానికంటే నేల చాలా తక్కువ కుంగింది. కదలని సుద్ద అంత బిగువైనదన్నమాట. యంత్రం చివరికి జెనీవాకు పోయింది. మండ్‌ఫోర్డ్‌కు మిగిలింది 1968లో జియోటెక్నిక్ పత్రికలో అచ్చయిన ఒక వ్యాసం. నా లెక్కన యంత్రం కంటే అదేమీ తక్కువ కాదు. ఆ జట్టులోని బర్లాండే తర్వాతి కాలంలో పీసా వాలు గోపురాన్ని పడిపోకుండా నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు.

ఇంజనీరు చేతిలోని నోటుపుస్తకంలో ఎ, బి, సి, డి అని కనిపిస్తున్న తరగతులు ఆ ఆలోచనకు వారసులే. ‘ఎ’ అంటే పగుళ్లు మూసుకుని ఉన్న సుద్ద. ‘బి’లో పగుళ్లు మూడు మిల్లీమీటర్ల లోపు తెరుచుకుని ఉంటాయి. అంతకు మించితే ‘సి’. పగుళ్లూ దిమ్మెలూ అన్న తేడాయే మిగలకపోతే ‘డి’. సుద్ద మీద ఇంజనీర్లు ఇప్పుడు ఆధారపడే ‘ఇంజనీరింగ్ ఇన్ చాక్’ పుస్తకం 2002లో వచ్చింది. రాసిన ముగ్గురిలో ఒకరైన రోరీ మోర్టిమోర్ బ్రైటన్‌లో పాఠాలు చెప్పినవాడు. ఈ తీరపు పొరలకు న్యూహేవెన్ సుద్ద, సీఫోర్డ్ సుద్ద అని పేర్లు పెట్టింది ఆయనే. మనం తవ్వుతున్నది న్యూహేవెన్ సుద్దలో.

ఇక రెండో బోరు. మొదటిదానికి పన్నెండు మీటర్ల దూరం. రిగ్గును జరిపి నిలబెట్టారు. మధ్యాహ్నం దాటింది, గాలి ఇంకా పెరిగింది.

పైన అంతా మొదటి బోరులాగే ఉంది, అదే నల్లమట్టి, అదే బంకమట్టి. కానీ రెండు మీటర్లు దాటినా రావాల్సిన తెల్లదనం రాలేదు. షెల్ కుమ్మరించిన ప్రతిసారీ గోధుమరంగే. మూడు మీటర్ల దగ్గర ఎన్ వాల్యూ 8. నాలుగు దగ్గర 3. డ్రిల్లర్ ఏమీ అనలేదు గానీ తాడు మీంచి చూపు తిప్పడం లేదు. అయిదు మీటర్ల దగ్గర కోను దించారు. సుత్తి ఇంకా లేవనే లేదు. కడ్డీలు తమ బరువుకు తామే దిగడం మొదలుపెట్టాయి. గీతలు ఒకటొకటిగా మీ కళ్లముందే నేలలోకి మునిగిపోతున్నాయి.

“ఆపండి,” అంది ఇంజనీరు. తర్వాత మెల్లగా, “ఎంత దిగిందో చూసి రాయి. రౌండ్ చెయ్యకు,” అంది కుర్రాడితో.

ఇది సుద్ద కరిగి ఏర్పడిన గొట్టం. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచటి ఆమ్లం అవుతుంది. పైనున్న బంకమట్టి ఆ నీటిని ఎక్కడో ఒక పగులు దగ్గరికి చేరుస్తుంది. వేల ఏళ్లపాటు అదే చోట దిగి దిగి నీరు సుద్దను నిలువునా తినేస్తుంది. ఖాళీ అయిన చోటిలోకి పైనున్న మట్టి జారుతుంది. అది వదులుగానే ఉండిపోతుంది, చుట్టూ ఉన్న సుద్ద మీద ఆనుకుని, కింద ఆధారం లేకుండా. నేల మీంచి చూస్తే ఏమీ తెలియదు. గడ్డి పచ్చగానే ఉంటుంది. కింద బీచి మీద నడిచేవాళ్లకు తెల్లటి గోడ పైభాగంలో కిందికి సన్నబడే గోధుమరంగు చారలుగా ఇలాంటివి కనిపిస్తాయి. కొండ తెగింది కాబట్టి అక్కడ కనిపించాయి. తెగని చోట వెతికి పట్టాలి.

ఏ మూడు మీటర్ల వెడల్పో ఉండే గొట్టాన్ని పన్నెండు మీటర్ల దూరంలో వేసిన రెండు బోర్లు పట్టుకోవడం అదృష్టం. ఇవాళ మనకు ఆ అదృష్టం దక్కింది. రెండో బోరును నాలుగు మీటర్లు పక్కకు జరిపి ఉంటే రెండూ తెల్లగా వచ్చేవి, రిపోర్టు శుభ్రంగా ఉండేది, స్తంభం ఒకటి ఈ గోధుమరంగు మట్టి మీద నిలబడేది. కింద బోలు ఉందని తెలియకపోతే ఏమవుతుందో చూడండి. నార్విచ్ నగరంలో 1988 మార్చిలో రోడ్డు మీద వెళ్తున్న బస్సు వెనక భాగం నేలలోకి దిగబడింది. అక్కడ కిందున్నది పాత సుద్ద తవ్వకాల సొరంగం. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. ఆ రోడ్డు మీద అప్పటిదాకా ఎన్ని బస్సులు నడిచి ఉంటాయో ఆలోచించండి.

నీరు రాయిని తినడం మనకు తెలియని కథేమీ కాదు. సుద్దా సున్నపురాయీ ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేట్. బెలూం గుహల్లో మీరు నడిచిన దారులన్నీ ఇలా నీరు తిన్న దారులే. 2015 చివర్లో భారీ వర్షాల తర్వాత కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో నేల గుండ్రంగా కుంగి గోతులు పడ్డప్పుడు జనం భయంతో ఊళ్లు వదిలారు. రాయి వేరైనా నీటి నడక అదే.

అందుకే సుద్ద మీద కట్టేవాళ్లు వాన నీటికి భయపడతారు. ఇంకుడు గుంత మన దగ్గర పుణ్యకార్యం, ఇక్కడా వాననీటిని నేలలోకి పంపమనే అంటారు. కానీ ఎక్కడ అన్నదే ముఖ్యం. మామూలు నేలలో ఇంటికి అయిదు మీటర్ల దూరం ఉంటే చాలంటారు. సుద్దనేలలో అది చాలదు, ఇంకా చాలా దూరం పెట్టాలి. నీరు ఒకేచోట దిగితే పాత గొట్టంలోని వదులు మట్టి కిందికి కొట్టుకుపోతుంది, పైనున్న నేల కూలుతుంది. పగిలిన నీటి పైపు ఒకటి చాలు దానికి.

ఇంజనీరు ఫోన్లో మాట్లాడుతోంది. రేపు చిన్న ట్రాకుల బండి ఒకటి వస్తుంది. సుత్తితో కోనును ఆపకుండా కొట్టుకుంటూ పోయి ప్రతి 100 మిల్లీమీటర్లకూ దెబ్బలు రాసే యంత్రం. నమూనా ఏమీ రాదు, కానీ పని వేగంగా, చవగ్గా అవుతుంది. రెండేసి మీటర్ల ఎడంలో వరుసగా కొట్టుకుంటూ వెళ్తే గోధుమరంగు గొట్టం అంచులు ఎక్కడున్నాయో కాగితం మీదకు ఎక్కుతాయి. ఆ తర్వాత రోటరీ రిగ్గుతో ప్లాస్టిక్ గొట్టంలో సుద్దను చెదరకుండా తీసి, పగుళ్లు లెక్కపెట్టి, సాంద్రత చూస్తారు. ఘనమీటరుకు 1.55 టన్నులకు తగ్గితే తక్కువ సాంద్రత సుద్ద. నలిపితే పిండయ్యేది ముఖ్యంగా అదే.

లోతైన పునాది స్తంభాలు, అంటే పైల్స్, దించేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని మీరు అడగొచ్చు. అంత తేలిక కాదు. పైల్‌ను కొట్టి దించితే దాని చుట్టూ ఉన్న సుద్ద పిండైపోయి పైల్‌ను పట్టుకోదు. కెంట్‌లో సెయింట్ నికొలస్ ఎట్ వేడ్ దగ్గర పాత సుద్ద క్వారీలో ఇంపీరియల్ కాలేజీ, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆల్పాకా అనే ప్రాజెక్టు కింద పైల్స్ కొట్టి, లాగి, పక్కకు తోసి చూశారు. సుద్దలో పైల్ ఎంత పట్టు ఇస్తుందో సముద్రంలో గాలిమరలు నిలబెట్టే కంపెనీలకు తెలియాలి. దించిన రోజు బలహీనంగా ఉన్న పైల్ నెలలు గడిచేకొద్దీ బిగుసుకుంటుందని అక్కడ తేలింది. ఓపిక పట్టినవాడికి సుద్ద తిరిగి ఇస్తుంది. ఈ స్థలంలో మాత్రం బహుశా పైల్స్ అక్కర్లేదు. గోధుమరంగు మట్టి గొట్టం మీంచి స్తంభాన్ని జరపడమో, దాని మీదుగా రెండు వైపులా గట్టి సుద్ద మీద ఆనేలా దూలం వేయడమో సరిపోవచ్చు. సుద్దకు మంచు సోకితే ఉబ్బి చెదురుతుంది కనుక ఏ పునాదినీ పైపైన వదలరు.

చీకటి పడకముందు ఒకసారి అంచు దాకా వెళ్లొద్దాం. కంచె దాటకండి. ఇక్కడ కింద కాంక్రీటు గోడ కట్టి అలలను ఆపుతున్నారు. కొద్ది మైళ్లు తూర్పుకు వెళ్తే ఆ గోడ లేదు. బీచీ హెడ్ దగ్గర 1999 జనవరిలో పెద్ద చరియ విరిగి సముద్రంలో పడింది. అదే ఏడాది దానికి దగ్గర్లోని బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్‌ను, సుమారు 850 టన్నుల బరువున్న కట్టడాన్ని, జాకీలతో ఎత్తి 17 మీటర్లు వెనక్కు జరిపారు. బర్లింగ్ గ్యాప్‌లో ఇళ్ల వరుస ఒకటొకటిగా తగ్గుతూ వచ్చింది. కింది నేల ఎంత గట్టిదో చెప్పగలిగే సుత్తి ఆ నేల ఎన్నేళ్లు ఉంటుందో చెప్పలేదు. అది వేరే లెక్క, దాన్నీ వేయాలి.

రిగ్గు పడుకోబెట్టారు. బోర్లలో బంకమట్టి గుళికలు నింపి పూడుస్తున్నారు, నీరు అదే దారిన దిగకుండా. డ్రిల్లర్ జీపులో కూర్చుని రోజువారీ కాగితం నింపుతున్నాడు. నీళ్లు ఎన్ని పోశాడో, చెకుముకి ఎక్కడ తగిలిందో, కడ్డీలు సొంత బరువుకు ఎంత దిగాయో, అన్నీ. ఇవాళ్టి పనిలో అన్నిటికంటే విలువైన కాగితం అదే.

ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఇల్లు గానీ అపార్ట్‌మెంటు గానీ కట్టబోతున్న వాళ్లకు ఒక మాట. మన దగ్గర ఐఎస్ 2131 ప్రకారం చేసే సాయిల్ టెస్ట్ ఇదే, అదే 63.5 కిలోల సుత్తి, 75 సెంటీమీటర్ల ఎత్తు. ఆ రోజు మీ ప్లాటుకు వెళ్లి నిలబడండి. రిపోర్టు చివరి పేజీలో ఉన్న బేరింగ్ కెపాసిటీ ఒక్కటే చూసి మడిచి పెట్టకండి. ఎన్ని బోర్లు వేశారో, అవి మీ స్తంభాలకు ఎంత దగ్గరో, నీళ్లు ఏ లోతులో తగిలాయో, దెబ్బల లెక్క ప్రతి 15 సెంటీమీటర్లకూ విడివిడిగా రాశారో లేదో అడగండి. పల్నాడు, నంద్యాల, కడప, తాండూరు లాంటి సున్నపురాయి నేలల్లో అయితే ఇంకో బోరు వేయమని అడగండి. ఇంటి ఖర్చులో దాని వాటా చాలా చిన్నది.